పై వరుస

నాకు కోపం ఎక్కువ. ఇంట్లో వాళ్ళు ఈ మాట పైకే అంటారు, బడిలో వాళ్ళు లోపల అనుకుంటారు, నేను ఇద్దరి దగ్గరా ఒప్పుకుంటాను. అయితే కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు మాత్రం నాలో ఇంకో మనిషి ఉంటుంది. అది ఎన్నిసార్లు మొరాయించినా నాకు విసుగు రాదు. ఆ ఓపిక మా నాన్న దగ్గర నుంచి వచ్చింది.

ఖమ్మం బజారులో నాన్నకు తాళాల దుకాణం ఉండేది. దుకాణమంటే పెద్దగా ఏం లేదు, రెండు మెట్ల మీద ఒక బల్ల, ఆకురాళ్ళ పెట్టె, గోడకు గుత్తులుగా వేలాడే తాళంచెవులు. తాళంచెవి పోగొట్టుకున్నవాళ్ళు తాళం పట్టుకొచ్చి, "పగలగొట్టు భాయ్, జల్దీ పోవాలె" అని తొందరపెట్టేవాళ్ళు. నాన్న దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, సన్నటి కమ్మీ లోపల కదిలిస్తూ, "పగలగొట్టుడు నీకు రాదా? గా మాత్రం దానికి నా దగ్గరికెందుకొచ్చినవ్?" అనేవాడు. బడి వదిలాక నేను ఆ కింది మెట్టు మీద కూర్చుని హోంవర్కు చేసుకునేదాన్ని. ఆయన ఒక్క తాళాన్ని కూడా పగలగొట్టగా నేను చూడలేదు.

ఇప్పుడు నేను పనిచేసేది భద్రాచలం వెళ్ళే దారిలో, అడవి అంచున ఉన్న ఒక ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో. కంప్యూటర్ ఇన్‌స్ట్రక్టర్‌ని, కాంట్రాక్టు మీద. పిల్లలు చాలామంది కోయ ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. నాతో తెలుగులో మాట్లాడతారు, కీబోర్డు మీద తప్పు పడిందంటే కోయలో గొణుక్కుంటారు. వాళ్ళ దగ్గర నేను నేర్చుకున్న మొదటి కోయ మాటలు ఆ గొణుగుళ్ళే, ఇక్కడ రాయడానికి బాగుండదు.

మా కంప్యూటర్ల గదిలో పన్నెండు యంత్రాలున్నాయి. ఎక్కడో ఒక ఆఫీసులో మూలన పడేసినవి మాకిచ్చారు. వచ్చిన రోజు వాటిలో ఎలుక గూళ్ళున్నాయి. దుమ్ము దులిపి, ఒకదాని విడిభాగం ఇంకోదానికి వేసి, పాత యంత్రాల మీద కూడా తేలిగ్గా నడిచే లినక్స్ అనే సాఫ్ట్‌వేరు ఎక్కించి, పన్నెండింటినీ లేపి కూర్చోబెట్టాను. చేసింది నేనే, ఒక్కదాన్నే. ఈ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

అలాంటి గదికి ముప్పు వచ్చింది. సోమవారం పదకొండు గంటలకు జిల్లా నుంచి ఆఫీసరు మేడం వస్తున్నారని ముందు వారమే కబురు. పన్నెండు కంప్యూటర్లూ నడుస్తూ, పిల్లలు వాటి మీద పని చేస్తూ కనబడితే గది మాకుంటుంది. లేకపోతే అవి పాత సామాను కింద లారీ ఎక్కుతాయి, గదిలో బియ్యం బస్తాలు దిగుతాయి. మా పిల్లలకు ముట్టుకోవడానికి దొరికే కంప్యూటర్లు చుట్టుపక్కల ఇంకెక్కడా లేవు.

పిల్లలు తెలుగులో టైపు చేస్తుంటే మేడం చూడాలని నా కోరిక. అందులో ఒక చికాకుంది. తెలుగు కీబోర్డు దానంతటది వచ్చేది కాదు. రోజూ పొద్దున పన్నెండు యంత్రాల ముందూ వంగి ఒక ఆదేశం కొట్టాల్సి వచ్చేది. దానికి ఉపాయం దొరికింది. పిల్లలు పేరు, పాస్‌వర్డు కొట్టాక, బొమ్మల తెర రావడానికి ముందు, కంప్యూటరు కొన్ని కాగితాల్లాంటి ఫైళ్ళను వరుసగా చదువుకుంటుంది. అందులో ఒక ఫైలు మనకోసం వదిలిపెట్టినది. దాని పేరు చుక్కతో మొదలవుతుంది కాబట్టి మామూలుగా కంటికి కనబడదు. ఆ ఫైల్లో నా ఒక్క వరుస రాసి పెడితే చాలు, తెలుగు కీబోర్డు తనంతట తనే సిద్ధంగా ఉంటుంది.

శనివారం ఆ పని చేద్దామనుకున్నాను. అదే రోజు అమ్మను కంటి దవాఖానాకు తీసుకుపోవాల్సి వచ్చింది. మా బడి ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు సారు, "నువ్వు పో అమ్మా, నేను జేస్త. కాగితం మీద రాసియ్యి" అన్నాడు.

ఆయన కుసుమంచి వైపు మనిషి. అప్పటికి రిటైరవడానికి ఆర్నెల్లుంది. ఉద్యోగమంతా రిజిస్టర్లు చేత్తోనే రాసి, ఆ వయసులో నా దగ్గర కంప్యూటరు నేర్చుకున్నాడు. బడి వదిలాక పిల్లల స్టూలు మీద ఇరుకుగా కూర్చుని, కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, ఒక్క వేలితో కొట్టేవాడు. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళలో అంత శ్రద్ధ ఇంకెవరిలోనూ చూడలేదు. అందుకే నమ్మకంగా కాగితం రాసిచ్చాను. ఆఫీసు కంప్యూటరులో ఫైలు తయారుచేసి, పెన్‌డ్రైవులో వేసుకుని, పన్నెండింటిలోనూ పెట్టాలి. అంతే పని.

సోమవారం తొమ్మిదికి బస్సు దిగి, గది తాళం తీసి, మొదటి కంప్యూటరు వేశాను. పేరు కొట్టాను, పాస్‌వర్డు కొట్టాను. లోపలికి పోతున్నట్టే పోయింది. తెర ఒక్క క్షణం నల్లబడింది. మళ్ళీ పేరు అడిగే చోటికే వచ్చి నిలబడింది.

పాస్‌వర్డు తప్పు కొట్టానేమో అనుకుని మళ్ళీ కొట్టాను. మళ్ళీ అదే. పాస్‌వర్డు తప్పయితే తప్పని మొహం మీదే చెప్తుంది. ఇది ఆ మాట చెప్పడం లేదు, గుమ్మం దాటించి వెనక్కి తోసేస్తోంది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. పన్నెండోది కూడా వెనక్కే తోసింది.

తొమ్మిదిన్నరకు ఆఫీసరు కంటే ముందుగా ఒక టెక్నీషియను దిగాడు, కంప్యూటర్ల పరిస్థితి చూసి మేడంకు చెప్పడానికి. రెండు యంత్రాలు నొక్కి చూసి, "ఫార్మాట్ కొట్టుడే మేడం. అన్ని తుడిచేసి కొత్తగ ఎక్కియ్యాలె. రెండు దినాలు పడ్తది. అసలు గీ పాత డబ్బాలకు అంత అవసరమా?" అన్నాడు.

రెండు రోజులు! మా దగ్గరున్నది గంటన్నర. "పదకొండు దాకా వీటిని ముట్టుకోకు" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

అప్పటికే గుమ్మం దగ్గర సీనియర్ అసిస్టెంటు సారు నిలబడి ఉన్నాడు. ఆయన్ను అడిగాను. "శనివారం నేను రాసిచ్చింది రాసిచ్చినట్టే కొట్టిన్రా సార్?"

"అవ్ అమ్మా. నీ కాగితం ముందల వెట్టుకొని, అక్షరం అక్షరం మీద వేలు వెట్టి చూసుకుంట కొట్టిన. ఒక్క చుక్క గూడ తప్పలే."

"ఇంకేమన్న కలిపిన్రా?"

"ఒట్టు. ఏం కలపలే."

ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. హాజరు రిజిస్టరులో తన ఆలస్యాన్ని తనే ఎర్ర సిరాతో రాసుకునే మనిషి. కాబట్టి ఆ ఫైలును పక్కన పెట్టి, వేరే చోట వెతకడం మొదలుపెట్టాను. అక్కడే నాకు పావుగంట వృథా అయింది.

బొమ్మల తెర రాకపోయినా ఈ యంత్రాల్లోకి పోవడానికి పక్క దారి ఒకటుంటుంది. మూడు మీటలు కలిపి నొక్కితే నల్లటి తెర వస్తుంది, దాని మీద అక్షరాలు తప్ప ఏమీ ఉండవు. అక్కడ పేరు కొడితే లోపలికి రానిచ్చింది. అంటే ఇల్లు బాగానే ఉంది, ముందు తలుపుకే ఏదో అడ్డం పడింది. డిస్కు నిండిపోయిందేమో చూశాను, సగం ఖాళీ. ఫైళ్ళు ఎవరి పేరు మీదున్నాయో చూశాను, ఉండాల్సిన వాళ్ళ పేరు మీదే ఉన్నాయి. అప్పుడు, ముందే చేయాల్సిన పని చేశాను. తెర వచ్చేముందు ఏం జరిగిందో యంత్రం తనే ఒక చిట్టా రాసుకుంటుంది, దాన్ని తెరిచాను.

చివరి వరుసలో మేం పెట్టిన ఫైలు పేరుంది. పక్కన ఒకటో వరుస అని ఉంది. ఆ తర్వాత ఏడు చిన్న డబ్బాలు, ఖాళీ చతురస్రాలు. వాటి పక్కన ఇంగ్లీషులో "నాట్ ఫౌండ్".

నా భుజం మీదుగా తొంగిచూసిన టెక్నీషియను, "చూసిన్రా, చెత్త అక్షరాలు. డిస్కు ఖరాబైంది" అన్నాడు.

నాకూ క్షణం పాటు అదే భయం వేసింది. ఆ ఫైలు తెరిచాను. మొదటి వరుసలో ఏడు డబ్బాలు. రెండో వరుసలో నేను రాసిచ్చిన ఆదేశం, నిజంగానే ఒక్క చుక్క తప్పు లేకుండా. పక్క యంత్రంలో చూశాను, ఏడు డబ్బాలు. దాని పక్కదానిలో కూడా ఏడే. డిస్కు పాడైతే ఒక్కోటి ఒక్కోలా పాడవుతుంది. పన్నెండు డిస్కులు కూడబలుక్కుని ఒకే చోట, ఏడంటే ఏడు అక్షరాలు పాడుచేసుకోవు. ఇది చెత్త కాదు, ఎవరో రాసిందే. ఈ నల్ల తెరకు గీయడం రాని అక్షరాలు, అంతే. ఈ తెరకు రానిది ఏ భాష? తెలుగు!

అంటే పై వరుసలో ఎవరో తెలుగులో ఏదో రాశారు. ఒట్టు పెట్టి మరీ ఏం కలపలేదన్న మనిషి తప్ప ఆ ఫైలును ముట్టుకున్నవాళ్ళు లేరు. అప్పుడు వచ్చింది నాకు కోపం. ఆ ఫైలు పెన్‌డ్రైవులో వేసుకుని విసవిసా ఆఫీసు గదిలోకి నడిచాను. నా వెనకాల సారు, ఆయన వెనకాల టెక్నీషియను. తెలుగు కనబడే ఆయన కంప్యూటరులోనే దాన్ని తెరిచి, "చూడున్రి" అన్నాను.

పై వరుసలో "శ్రీరామ" అని ఉంది. మనకు మూడక్షరాలే గానీ, ఒత్తునూ గుణింతాలనూ విడివిడిగా లెక్కపెట్టే యంత్రానికి అవి ఏడు.

సారు కళ్ళద్దాలు కిందికి దించుకుని, ముందుకు వంగి చదివాడు. పై నుంచి కిందికి రెండు వరుసలూ చదివాడు. "సరిగ్గనే ఉంది గదమ్మా" అన్నాడు.

"పైన గదేంది సార్?"

ఆయన నా వంక వింతగా చూశాడు. "అది రాత గాదు గదా. అది పైన వెట్టేది. ఒట్టి కాగితం మీద ఎవరన్న పని మొదలువెడ్తరా?"

ఆయన బల్ల మీద చూశాను. సెలవు చీటీల కట్ట, గ్యాస్ సిలిండర్ల లెక్క, టీసీ పుస్తకం, నేను శనివారం ఇచ్చిన నా కాగితం. నా కాగితం పైన కూడా, నా అక్షరాలకు పైన ఖాళీలో, ఆయన గుండ్రటి చేతిరాతలో అదే మాట. మొదటిసారి తెలుగు టైపు నేర్పిన రోజు, పేరు కొట్టండి సార్ అంటే, తన పేరుకు ముందు ఆయన కొట్టింది అదే. నేనే చూసి మర్చిపోయాను. ఆయన అబద్ధం చెప్పలేదు. ఏం కలపలేదు. ఆయన లెక్కలో పని ఆ వరుస కిందనే మొదలవుతుంది. యంత్రానికి ఆ తేడా తెలియదు. అది మొదటి వరుస నుంచీ ప్రతిదాన్నీ ఆదేశమే అనుకుంటుంది. అలాంటి ఆదేశం తన దగ్గర లేదని వెతికి వెతికి ఆగిపోతుంది, మిగతా పని కూడా మానేసి మనల్ని గుమ్మం బయటికి పంపేస్తుంది.

టెక్నీషియను పకపకా నవ్వాడు. "శ్రీరామ నాట్ ఫౌండ్ అంట! అదీ భద్రాచలం పక్కన!"

"నవ్వకు" అన్నాను. సారు ముఖం చూశాక నాకు నవ్వు రాలేదు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుస్తున్నాడు, తుడిచిందే తుడుస్తున్నాడు.

"తీసెయ్ అమ్మా" అన్నాడు మెల్లగా. "పిల్లల గదికి నేనే ఎసరు వెట్టిన గదా. పోయే ముందల గిదొకటి మిగిలింది నాకు."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. నాన్న గుర్తొచ్చాడు. ఆయన ఏ కాగితం ముక్క మీద ఏం రాసినా పైన, బిస్మిల్లాకు గుర్తుగా, 786 అని వేసేవాడు. తాళం కొలత గీసుకున్న సిగరెట్ అట్ట మీద కూడా. పదో తరగతి పరీక్షల్లో నేను జవాబు పత్రం మూలన, ఎవరికీ కనబడనంత చిన్నగా పెన్సిలుతో ఆ మూడు అంకెలు వేసుకున్నాను. ఈ ఫైలు నాన్న చేతికిస్తే ఆయనా సరిగ్గా ఇదే తప్పు చేసేవాడు. ఆ మాటే సారుకు చెప్పాను. "మా నాయిన జేసినా గిట్లనే ఆగిపోతుండె సార్. నల్ల తెర మీద 786 నాట్ ఫౌండ్ అని పడ్తుండె."

ఆయన తలెత్తాడు.

"తీసెయ్యక్కర్లేదు" అన్నాను. ఆ వరుస మొదట్లో ఒక్క మీట కొట్టాను. రెండు అడ్డగీతలు, రెండు నిలువుగీతలు కలిసిన గుర్తు, ఫోన్ల మీద స్టారుకు అటువైపు ఉంటుందే, అది. "గిది ముందల ఉంటే మిషను ఆ వరుస చదవదు. దాటిపోతది. మనుషుల కోసం రాసుకునే మాటలకు గిది వెడ్తం."

"అంటే అది చదవది, మనం చదువుకుంటం."

"అవ్ సార్."

ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, "మరి గీ ముచ్చట నాకు ముందుగాల ఎందుకు జెప్పలే?" అన్నాడు.

నిజమే. చెప్పలేదు. కాగితం మీద ఆదేశం రాసిచ్చాను గానీ, అది ప్రతి వరుసనూ ఆదేశంలాగే చదువుతుందని పాఠం చెప్పలేదు. పంతులమ్మకు అంతకంటే పెద్ద తప్పేముంది? "నాదే తప్పు సార్, పాండ్రి" అని ఆయన చెయ్యి పట్టుకుని లేపాను.

పదీ ఇరవై అయింది. అటు ఆరు ఆయన, ఇటు ఆరు నేను. నల్ల తెర మీద ఆ ఏడు డబ్బాల ముందు గుర్తు పెట్టి, భద్రం చేసి, పక్కదానికి జరగడం. నాకు ఆరూ అయ్యేసరికి ఆయనకు నాలుగయ్యాయి. సాయం చేయబోతే, "ఆగమ్మా, నా ఆరు నావి" అన్నాడు. ఆ డబ్బాలు నాకే కంగారు పుట్టించాయి గానీ, వాటి వెనక ఏముందో తెలిసిన ఆయన మాత్రం ఒక్కసారీ తడబడలేదు.

మొదటి కంప్యూటరులో పేరు కొట్టి, పాస్‌వర్డు కొట్టాను. తెర నల్లబడింది. నీలం రంగు వచ్చింది, అడుగున పట్టీ వచ్చింది, మూలన తెలుగు కీబోర్డు గుర్తు వచ్చి కూర్చుంది. అలా పన్నెండూ వచ్చాయి. పిల్లలను పిలిచి కూర్చోబెట్టేసరికి జీపు చప్పుడు వినబడింది.

ఆఫీసరు మేడం వరుసల మధ్య నడుస్తూ ప్రతి తెరా చూశారు. పిల్లలు వాళ్ళ ఊళ్ళ పేర్లు, వాగుల పేర్లు తెలుగులో కొడుతున్నారు. ఒక యంత్రం దగ్గర ఆగి ఆమె టెక్నీషియనును అడిగారు. "పొద్దున ఒక్కటి గూడ తెరుచుకుంట లేదని ఫోన్ జేసినవ్ గదా. ఏమైంది?"

అతను నోరు తెరిచే లోపే సారు ముందుకొచ్చాడు. "నా పొరపాటు మేడం. ఒక ఫైల్ల నేను ఎక్కువ రాసిన."

"కాదు మేడం, నాదే" అన్నాను. "ఎట్ల రాయాలో నేను నేర్పలే."

ఇద్దరం తప్పు కోసం పోటీ పడుతుంటే మేడంకు ఏం అర్థమవుతుంది? ఆ ఫైలు చూపించమన్నారు. చూపించాను. పై వరుస చదివారు, గుర్తు చూశారు, సారు వంక చూశారు. మొత్తం కథ చెప్పాల్సి వచ్చింది. విన్నాక ఆమె నవ్వారు, టెక్నీషియను నవ్విన నవ్వు మాత్రం కాదు. "పన్నెండు ఎన్ని గంటల్ల చేసిన్రు?" అని అడిగారు. వెతకడానికి గంట, సరిచేయడానికి పావుగంట పైన అన్నాను. ఆమె తన పుస్తకంలో రాసుకుని, గది గదిలాగే ఉండనీయమని హెడ్మాస్టరు గారితో చెప్పి వెళ్ళారు. బియ్యం బస్తాలు ఇప్పటికీ వరండాలోనే ఉన్నాయి.

ఆ రోజు నా నడకలో తేడా వచ్చిందని వంటావిడ కూడా అంది. వచ్చింది మరి, ఎందుకు రాదు? ఒక్క తాళమూ పగలగొట్టకుండా పన్నెండు తలుపులు తీశాను. నాన్న ఉంటే చెప్పుకునేదాన్ని.

సారు వేసవికి ముందు రిటైరయ్యాడు. శాలువా కప్పాం, ఫొటో దిగాం. వెళ్ళేముందు కంప్యూటర్ల గది తాళంచెవి, తన దగ్గర ఉండేది, తెచ్చి నా చేతిలో పెట్టి, "ఒక్కసారి లోపలికి పోయొచ్చిన. అన్ని బందు చేసిన, చూసుకో" అన్నాడు. సరే సార్ అన్నాను.

జూన్‌లో బడి తెరిచాక, కొత్త పిల్లల కోసం ఆ ఫైల్లో ఇంకో వరుస కలపాల్సి వచ్చింది. నల్ల తెర మీదే తెరిచాను. పైన గుర్తు, దాని పక్కన ఏడు డబ్బాలు. అవేమిటో నాకిప్పుడు తెలుసు. వాటి కింద నా ఆదేశం ఉండాలి. లేదు, అది మూడో వరుసకు జరిగింది. మధ్యలో ఒక కొత్త వరుస వచ్చి చేరింది. ముందు గుర్తు, ఒక ఖాళీ, ఆ తర్వాత 786.

పక్క యంత్రంలో చూశాను. దాని పక్కదానిలో చూశాను. పన్నెండింటిలోనూ ఉంది, గుర్తు ఎక్కడా తప్పకుండా, నేను నేర్పినట్టే. నేను కలపాల్సిన వరుసను వాటి కింద రాశాను.